ఒక్క గుర్రం మీద ఇద్దరు

మా సారు పోయారు. మంగళవారం పొద్దున లేచి, చాయ్ గ్లాసు అందుకోబోయి, అట్లాగే మంచం మీద ఒరిగిపోయారు. ఈ వార్త ఇబ్రహీంపట్నంలో చాలామందికి ఈపాటికే తెలుసు. తెలియాల్సింది ఇంకొకటి ఉంది. "వెంచర్‌కు అమ్ముడుపోయిన సారు" అంటూ మొన్నామధ్య ఇంటింటికీ వచ్చిన కరపత్రం అబద్ధం. దాన్ని రాసింది నేను, కొత్త కాలనీ శ్రీనివాస్‌ను. కింద "ఇట్లు, చెరువు కోసం యువకులు" అని ఉంది గానీ అందులో ఒక్క అక్షరం కూడా వేరేవాళ్లది కాదు. అచ్చు వేయించింది నేను. పంచింది నేనూ, నా మాట నమ్మిన నా దోస్తులూ.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ముందు వాళ్ల మంచి రాయాలంటారు. నేను చేసింది ముందు చెప్పకుండా ఆయన మంచి రాస్తే అది నా రెండో అబద్ధం అవుతుంది.

సారు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేను బడిలో ఆయన దగ్గర చదవలేదు. డిగ్రీ అయిపోయి ఏమీ తోచక తిరుగుతున్న రోజుల్లో రీడింగ్ రూంలో దొరికారు. సాగర్ రోడ్డు మీద, బస్ డిపోకు కొంచెం ఇవతల, ఎరువుల దుకాణం పైన ఉన్న గది అది. కిటికీ తెరిస్తే యూరియా వాసన, బస్సుల హారన్లు. మా వాళ్లంతా అక్కడ కానిస్టేబుల్‌కో, గ్రూప్స్‌కో చదువుతుంటారు. నేను మాత్రం కరపత్రాలు చదివేవాడిని. ఏ సభలో ఎవరు ఏది పంచినా జేబులో పెట్టుకొచ్చి మడతలు చినిగిపోయేదాకా చదివేవాడిని. నాలుగు పేజీల్లో లోకం తేలిపోవాలి నాకు. దోచేవాడెవడు, దోపిడీ అయ్యేవాడెవడు, మధ్యలో ద్రోహి ఎవడు.

"మొదటి రెండు బరాబరే శీను," అనేవారు సారు. "ఆ మూడో డబ్బాల ఎవన్ని పడితె వాన్ని ఏస్తున్నవ్. జర సూస్కో."

ఆదివారం పొద్దున ఆయన సిలబస్‌లో లేని పాఠం ఒకటి చెప్పేవారు. ఒక ఆదివారం మావాడొకడు ఫోన్లో ఆట ఆడుతున్నాడు. తెల్ల అంగీల మీద ఎర్ర శిలువలు వేసుకున్న గుర్రపు రౌతులు కత్తులు దూసి వస్తుంటే వీడు టపటపా కొడుతున్నాడు. సారు వెనక నుంచి వంగి చూశారు.

"ఎవల్రా వీళ్లు?"

"తెల్వది సార్. కొడితే పాయింట్లొస్తయ్."

"ఎవలో తెల్వకుండనే కొడుతున్నవా?"

అట్లా మొదలైంది టెంప్లర్ల కథ. చాలా ఆదివారాలు నడిచింది. మధ్యలో ఎవడో ఒకడు అడిగేవాడు, "సార్, గిది గ్రూప్-టూల వస్తదా?" అని. "రాదు. గందుకే చెప్తున్న. వచ్చేటివి నేను చెప్పకున్నా సదువుకుంటరు మీరు" అనేవారు.

తొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట. యూరప్ నుంచి క్రైస్తవ సైన్యాలు పోయి జెరూసలేంను గెలుచుకున్నాయి. ఆ పుణ్యస్థలం చూద్దామని యాత్రికులు గుంపులు గుంపులుగా బయలుదేరేవారు. ఓడ దిగి జెరూసలేం చేరేలోపు దారిదోపిడీగాళ్లు వాళ్లను చంపేవారు. అప్పుడు గుప్పెడుమంది సైనికులు ఒట్టు పెట్టుకున్నారు. పెళ్లి చేసుకోం, సొంతానికి ఏమీ దాచుకోం, పెద్ద మాట దాటం, ఆ దారిలో నడిచేవాళ్లకు కాపలా ఉంటాం అని. వాళ్లే టెంప్లర్లు. ఒట్టేమో సన్యాసిది, చేతిలో ఉన్నదేమో కత్తి. వాళ్ల ముద్ర మీద ఒకే గుర్రాన్ని ఎక్కిన ఇద్దరు రౌతులు ఉంటారు.

సారు ఆ ముద్రను బోర్డు మీద గీశారు. బొమ్మలు వేయడం ఆయనకు రాదు.

"సార్, గాడిద లెక్కుంది."

"గాడిదైనా ఇద్దర్ని మోస్తుంది గదరా. నువ్వు లచ్చ రూపాల బండేస్కోని ఒక్కనివే తిరుగుతవ్."

ఆ బొమ్మకు అర్థం పేదరికం అని కొందరు పండితులు, అన్నదమ్ముల వరస అని కొందరు ఇప్పటికీ తగవు పడుతున్నారట. సారు అర్థం సారుది. "ముంగటోడు తొవ్వ సూస్తడు. ఎనకోడు ఎనక సూస్తడు. గంతే." వాళ్లు తిండి కూడా ఇద్దరికి ఒకే గిన్నెలో తినేవారట. పక్కవాడు తిన్నాడా, దొంగచాటుగా ఉపవాసాలుండి చిక్కిపోతున్నాడా అని ఒకరినొకరు కనిపెట్టుకోవాలని నియమం.

ఆ నియమం ఆయన ఎక్కడ చదివారో గానీ దాన్ని డిపో ఎదుటి హోటల్లో అమలు చేసేవారు. ఎన్నడూ ఒక్కరే చాయ్ తాగలేదు. పక్కన ఎవరుంటే వాళ్లతో "వన్ బై టూ". ఎవరూ లేకపోతే ఎవరో వచ్చేదాకా ఆగేవారు. రిటైరైన తర్వాత తన స్కూటర్ ఎవరికో ఇచ్చేసి, రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తడం మొదలుపెట్టారు. కాలేజీ పిల్లాడి బండైనా, పాల క్యాన్లు కట్టిన బండైనా, చేపల డబ్బా నుంచి నీళ్లు కారుతున్న బండైనా సరే. ఎక్కి కూర్చొని భుజం మీద రెండు తట్లు తట్టి "పోనియ్" అనేవారు. దిగాక వంగి, వెనక కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు రెండూ తానే చేత్తో మడిచేవారు. "తెరిచిడిస్తే ఎవలి పిక్కకన్న తగుల్తది" అని.

మా ఇద్దరికీ గొడవ ఆ కథ రెండో సగంలో వచ్చింది. దారికి కాపలా కాద్దామని పుట్టినవాళ్లు రానురాను పెద్ద యుద్ధాలు చేశారు. దానాలు వచ్చాయి, ఊళ్లు వచ్చాయి, ద్రాక్షతోటలు వచ్చాయి. ఒక్కొక్కడికీ సొంతంగా ఏమీ లేదు, సంఘానికి మాత్రం దేశదేశాల్లో భూములున్నాయి. నేను లేచాను.

"దొరలే గద సార్ వీళ్లు!"

"దొరలే."

తర్వాత జెరూసలేం చేజారింది. వాళ్లకు పని లేకుండా పోయింది, ఆస్తి మాత్రం మిగిలింది. ఫ్రాన్సు రాజు కన్ను దాని మీద పడింది. ఊరూరికీ రహస్యంగా ఆజ్ఞ పంపి, ఒకే తెల్లవారుజామున దేశమంతటా వాళ్లను పట్టుకున్నాడు. శిలువ మీద ఉమ్మేశారన్నారు. ఏదో తలకాయ బొమ్మకు మొక్కారన్నారు. చిత్రహింస పెడితే చాలామంది ఒప్పుకున్నారు.

"మంచిగైంది," అన్నాను నేను. "భూములు మింగినోళ్లు, మనుషులను నరికినోళ్లు. ఎట్ల పోతే ఏంది?"

సారుకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. చాక్‌పీసు కింద పెట్టారు.

"భూములు మింగిండ్రా? మింగిండ్రు. నరికిండ్రా? నరికిండ్రు. దానికి శిక్ష పడ్డదా? పడలే. ఎవడు అడగనే లేదు. చెయ్యనిదానికి పడ్డది. అబద్ధం నింద ఏస్తే ఏమైతదో ఎరికేనా శీను? అసలు తప్పు కడుక్కపోతది. గిప్పుడు ఎవన్నడుగు, అయ్యో పాపం అనే అంటడు వాళ్లను."

నేను దాన్ని గొప్ప మాటగా అనుకోలేదు. మెతక మాట అనుకున్నాను.

అప్పటికే కాలువ గొడవ మొదలైంది. ఎగువ నుంచి మన చెరువులోకి వాన నీళ్లు తెచ్చే కాలువ మీద ఒక వెంచర్ వాళ్లు మొరం పోసి రోడ్డు వేశారు. కాలువ పూడితే చెరువు నిండదు. చేపలు పట్టేవాళ్లూ, కింద వరి వేసేవాళ్లూ ఏమవుతారో చెప్పనక్కర్లేదు. ఆ వెంచర్ ప్లాట్లు అమ్మే ఏజెంటు మన ఊరివాడే, బడిలో సారు దగ్గర చదువుకున్నవాడే. రీడింగ్ రూంలో మీటింగ్ పెట్టాం. అర్జీలిద్దామని సారు అన్నారు. అర్జీలంటే నాకు మంట.

"రోజు పొద్దుమీకంగ కట్ట మీదికెల్లే ఇంటికి పోతడు వాడు. మలుపు కాడ బండి ఆపి నాలుగు తగిలిస్తె మళ్ల ప్లాటు పేరెత్తడు!" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

కిటికీ దగ్గర కూర్చున్న సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "వాన్ని కొడితే కాలువ తెరుచుకుంటదారా?" అన్నారు.

"భయమన్న పడ్తడు సార్."

ఆయన కళ్లద్దాలు పెట్టుకొని అర్జీ కాగితం ముందుకు లాక్కున్నారు. ఆ మాట విని మరిచిపోయారనుకున్నాను.

ఒక సాయంత్రం నేనూ ఇంకో ఇద్దరూ కట్టెలు పట్టుకొని మలుపు దగ్గర నిలబడ్డాం. ఏజెంటు బండి వచ్చింది. వెనక సారు. తెల్ల చొక్కా, ఒక చెయ్యి వాడి భుజం మీద. మమ్మల్ని చూసి ఎప్పటిలాగే చెయ్యెత్తారు. మేం కట్టెలు వీపుల వెనక దాచుకున్నాం. బండి మెల్లగా దాటిపోయింది.

"సారేందిరా వాని ఎనక?" అన్నాడు నా దోస్తు.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ద్రోహి అన్న ఆ మూడో డబ్బా ఖాళీగానే ఉంది కదా. మర్నాడు పొద్దున కూర్చొని కరపత్రం రాశాను. అంత హుషారుగా నేను ఎప్పుడూ ఏదీ రాయలేదు.

దాని ఫలితం మీరంతా చూశారు, కొందరు అందులో భాగం కూడా. కటింగ్ షాపులో అదే ముచ్చట, హోటల్లో అదే ముచ్చట. "ప్లాటిచ్చిండ్రంటనా సారుకు?" "ప్లాటేంది, రోడ్డు మొకాన బిట్టిచ్చిండ్రంట." నేను రాయనివి కూడా పుట్టాయి. కాలువ గురించి అడిగేవాడు ఒక్కడు లేకుండా పోయాడు. మేం సారు మీద కరపత్రం పంచుతున్న ఆ రోజుల్లోనే వెంచర్ వాళ్లు మొరం మీద తారు పోసుకున్నారు. అసలు తప్పు కడుక్కుపోయింది. సారు చెప్పిన పాఠాన్ని మన ఊళ్లో చేసి చూపించింది నేనే.

ఆ ఆదివారం ఆయన ఎప్పటిలాగే వచ్చారు. సగం కుర్చీలు ఖాళీ. ఆయన చేతిలో కరపత్రం ఉంది. నేను లేచి నిలబడ్డాను.

"సార్, దీనికి జవాబు చెప్పాలె మీరు."

"చెప్త. ఎవలికి చెప్పాలె? కింద పేరు లేదు."

"యువకులందరి తరఫున ఏసినం."

"అందరి తరఫునంటే ఎవ్వలి తరఫున గాదు శీను. రాసినోన్ని లెవ్వమను, మాట్లాడుత."

నేను అప్పటికే నిలబడి ఉన్నాను. అయినా లేవలేదు.

"వాని బండెక్కుడు నిజమా కాదా సార్?"

"నిజమే."

"ఎందుకెక్కినరు?"

ఆయన నా ముఖం చూశారు. తర్వాత కానిస్టేబుల్ పుస్తకాలు ముందేసుకొని తల దించుకున్న మా వాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూశారు. "చెప్ప" అన్నారు. చెప్పనన్న ఆ మాటను నేను నేరం ఒప్పుకోలు అనుకున్నాను.

"కథ ఆఖరు మిగిలింది. చెప్పి పోత," అని మొదలుపెట్టారు. టెంప్లర్ల చివరి పెద్దను ఏళ్ల తరబడి ఖైదులో పెట్టి, జనం ముందుకు తెచ్చి, ఒప్పుకున్నదే మళ్లీ ఒప్పుకోమన్నారట. ముసలాయన అక్కడ అడ్డం తిరిగాడు. నా నేరం ఒక్కటే, ప్రాణభయంతో నా వాళ్ల మీద అబద్ధం చెప్పాను, వాళ్లు చేశారన్నవి ఏవీ చేయలేదు అన్నాడట. ఆ పొద్దు కుంకేలోపే నది నడుమ లంకలో ఆయన్ను కాల్చేశారు. "ఒప్పుకొని ఊకున్నోళ్లు జైల్ల పడి బతికిండ్రు. మాట ఎనక్కి తీసుకున్నోన్ని కాల్చిండ్రు. మాట ఎనక్కి తీసుకునుడు గంత కష్టం బిడ్డా" అని సంచి తీసుకొని మెట్లు దిగారు.

కిటికీలోంచి చూశాను. రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తారు. కింద మా బండ్లు వరసగా ఉన్నాయి. ఒక్కరమూ దిగలేదు. చేపల డబ్బా బండి ఒకటి ఆగి ఆయన్ను ఎక్కించుకుపోయింది. ఆ తర్వాత ఆయన రీడింగ్ రూంకు రాలేదు. మేం పోయి పిలవలేదు.

కరపత్రం వల్లే పోయారని ఎవరూ అనలేదు. గుండె ఎప్పటి నుంచో బలహీనమేనట. ఆ మాట నాకు ఊరట కావాల్సింది. కాలేదు.

మంగళవారం కాటి నుంచి తిరిగొచ్చాక డిపో ఎదుటి హోటల్లో కూలబడ్డాను. ఏజెంటు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "వన్ బై టూ" అని చెప్పి, ఒక గ్లాసు నా ముందుకు జరిపాడు.

"నాకొద్దన్నా."

"తాగే. ఒక్కనికి తాగ బుద్ధయితలేదు. సారు అలవాటు జేసిండు."

గ్లాసు అందుకొని అడిగేశాను. "సారు నీ ఎనక ఎందుకు కూసునేటోడన్నా?"

వాడు నన్ను విచిత్రంగా చూశాడు. "నీకు తెల్వదానె? కట్టె పట్టుకోని మలుపు కాడ నిలబడ్డది నువ్వే గద."

వాడు తన గ్లాసులో చాయ్ ఒక గుక్క తాగాడు.

"మొదలు నాకు గూడ తెల్వదు," అన్నాడు. "రోజు పొద్దుమీకంగ నా ఆఫీసు కాడికొచ్చి ఎక్కి కూసునేటోడు. సారు ఇల్లు ఇటు దిక్కు. నాతోని కట్ట దాటి మా ఇంటిదాక వచ్చి, మళ్ల ఎవన్నో లిఫ్ట్ అడుక్కోని వాపస్ పోయేటోడు. ఏంది సార్ గిది అంటె, ఎనక బరువుంటే బండి కుదురుగ పోతది అన్నడు. మీ కట్టెలు సూసిన్నాడు సమజైంది నాకు. ఠాణాల చెప్త అన్న. ఒట్టేయించుకున్నడు. పోరగాండ్ల పేర్లు నీ నోట్లకెల్లి రావొద్దు, కేసైతె వాళ్లకు నౌకర్లు రావు, నేను కూసుంటున్న గద అన్నడు."

"కరపత్రం పడ్డంక గూడ ఎక్కిండా?"

"ఒక్కనాడు మానలే. జనం సూస్తుండ్రు సార్ అన్న. సూడనీ, సూస్తెనే గద పని అన్నడు."

ఇన్నాళ్లూ దారిపొడుగునా ఏం మాట్లాడేవారని అడిగాను. "ఇంకేంది, కాలువ!" అని కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. "నా క్లాసుల కూసున్నోనివి, నీళ్లు ఎటు పారుతయో తెల్వదారా అని రోజు తిట్టుడే. ముంగట నిలబడి తిడితె తప్పించుకోని పోతం. ఎనక కూసోని తిడితె ఏడికి పోతవ్? ఆఖరికి ఒప్పుకున్న. కాలువ ఏడేడ పూడ్చినమో సూపిస్త అన్న. ఈ ఆదివారం పోదాం అన్నడు."

లేవబోతూ ఇంకో మాట చెప్పాడు. సోమవారం సారు అలసిపోయి కనిపిస్తే తానే బండి తిప్పి ఇంటి దగ్గర దించాడట. "దిగినంక వంగి ఫుట్‌రెస్టులు మలుస్తడు గద ఎప్పుడు. ఆ దినం మల్వలే. ఊకనే లోపలికి పోయిండు. నాకు గప్పుడే అనుమానం రావాలె."

సారు ఇంటికి పోయాను. అమ్మ, అంటే సారు భార్య, గడప దగ్గర కూర్చొని ఉంది. జరిగింది చెప్పి, తప్పయిందమ్మా అన్నాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"ఊరంత పంచినవ్ గద బిడ్డా కాయితం," అంది. "గిప్పుడు నా ఒక్కదాని చెవుల చెప్తె ఎట్ల?"

అందుకే ఈ కాగితం. ఆ కరపత్రం ఏ గడపకు వచ్చిందో ఈ కాగితం కూడా ఆ గడపకే వస్తుంది. తెచ్చేది నేనే. తిట్టాలనుకున్నవాళ్లు తిట్టండి, నిలబడి వింటాను. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఇందుకు నన్ను ఎవరూ కాల్చరు. అదృష్టవంతుణ్ని. అయినా ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో చెప్పలేను. సారు అన్నది నిజమే.

ఇక ఒక్క మాట. కాలువ చూపిస్తే తన పని పోతుందని ఏజెంటుకు తెలుసు. వెంచర్ వాళ్లు ఊరుకోరనీ తెలుసు. అయినా సారుకు ఇచ్చిన మాట ఉంది, చూపిస్తానంటున్నాడు. వాడి వెనక ఇప్పుడు ఎవరూ లేరు.

ఈ ఆదివారం పొద్దున ఏడు గంటలకు డిపో ముందుకు రండి. బండి ఉన్నవాళ్లు ఒక్కరే రావద్దు, ఎవరినైనా ఎక్కించుకొని రండి. బండి లేనివాళ్లు రోడ్డు మీద చెయ్యెత్తండి, ఆపుతారు. కట్ట మలుపు దగ్గర, నేను కట్టె పట్టుకొని నిలబడ్డ చోటనే నిలబడి ఈ కాగితం చదువుతాను. అక్కడి నుంచి కాలువకు పోదాం. ఏజెంటు బండి ముందు నడుస్తుంది. వెనక నేను కూర్చుంటాను.

ఈ పొద్దు ఆ బండి డిపో గోడ పక్కన ఆగి ఉంటే చూశాను. వాడు కూడా మడవలేదు. సీటు కింద ఆ రెండు ఫుట్‌రెస్టులు సారు కాళ్లు తీసినప్పటి నుంచి అట్లాగే తెరిచి ఉన్నాయి. ఎడమదాని మీద కొంచెం ఎర్రమట్టి, ఎండిపోయి.